చిమ్మెటలు, గుడ్లగూబ: ఇద్దరు చికానా రచయిత్రులు, ఒకే ముద్ర

హెలెనా మరియా విరామొంతెస్, సాండ్రా సిస్నెరోస్ ఇద్దరూ 1954లోనే పుట్టారు. ఒకరు ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో, ఇంకొకరు షికాగోలో. ఒకరి తండ్రి భవన నిర్మాణ కూలి, ఇంకొకరి తండ్రి సోఫాలకు గుడ్డ బిగించే పనివాడు. అమెరికాలోని మెక్సికన్ మూలాల స్త్రీలు, ఉద్యమాల రోజుల నుంచి తమను తాము పిలుచుకుంటున్న పేరు చికానా. ఆ గుర్తింపుతోనే ఇద్దరూ కలం పట్టారు. ఇద్దరి తొలి కథల పుస్తకాలూ ఒకే చోటి నుంచి వచ్చాయి. నికొలాస్ కనెయోస్ 1979లో పెట్టి, తర్వాత హ్యూస్టన్‌కు తరలించిన ఆర్తె పూబ్లికో ప్రెస్ అనే చిన్న సంస్థ సిస్నెరోస్ ‘మాంగో వీధిలో ఇల్లు’ను 1984లో, విరామొంతెస్ ‘చిమ్మెటలు, ఇతర కథలు’ను 1985లో అచ్చువేసింది. ఆ తర్వాత దారులు చీలాయి. 1991లో సిస్నెరోస్ ‘కేకలేసే ఆడమనిషి వాగు’ను న్యూయార్క్‌లోని ర్యాండమ్ హౌస్ ప్రచురించింది. పెద్ద పత్రికల్లో సమీక్షలు, బహుమతులు వెంటనే వచ్చాయి. విరామొంతెస్ ఎనిమిది కథల పుస్తకం మాత్రం విశ్వవిద్యాలయాల తరగతుల్లో, పాఠ్య సంకలనాల్లో నెమ్మదిగా పాఠకులను సంపాదించుకుంది.

వీరిద్దరి కథల్లో మామూలు లోకపు లెక్కకు అందని ఘట్టాలున్న రెంటిని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. విరామొంతెస్ ‘చిమ్మెటలు’లో పద్నాలుగేళ్ళ అమ్మాయి చనిపోయిన అమ్మమ్మకు స్నానం చేయిస్తుంటే ఆ ముసలామె నోట్లోంచి బూడిదరంగు చిమ్మెటలు బయటికి ఎగిరొస్తాయి. సిస్నెరోస్ ‘జపాతా కళ్ళు’లో మెక్సికో రైతు విప్లవ నాయకుడు ఎమిలియానో జపాతా ప్రియురాలు ఇనెస్, ఒళ్ళెరగక నిద్రపోతున్న అతని పక్కన రాత్రంతా మేలుకుని ఉంటుంది. ఆమె గుడ్లగూబై ఎగరగలదు, రాబోయేదాన్ని చూడగలదు. ఇలాంటి రాతలు ఎక్కడ కనబడ్డా సమీక్షకులు, పాఠ్యపుస్తకాల సంపాదకులు ‘మాంత్రిక వాస్తవికత’ అనే ఒక్క మాటతో సరిపెట్టేశారు. మార్క్వెజ్ అనువాదాలతో పాటు మనకూ అలవాటైన మాటే అది. ఆ ముద్ర ఈ రెండు కథల మధ్య ఉన్న అసలైన తేడాను కప్పేసిందని నా అభిప్రాయం. ముద్రను కాదని రాజకీయంగా చదివిన విమర్శకులు చాలా ఇచ్చారు. అయితే వాళ్ళు కూడా చిమ్మెటల దగ్గరికి వచ్చేసరికి తొందరపడ్డారు.

‘మాంత్రిక వాస్తవికత’ అన్న మాట చరిత్రలో చికానో సాహిత్యానికి దగ్గరి సంబంధం ఉన్న పుట ఒకటుంది. జర్మన్ కళా విమర్శకుడు ఫ్రాంజ్ రో 1925లో చిత్రకళ గురించి వాడిన మాట ఇది. క్యూబా రచయిత అలెహో కార్పెంతియెర్ 1949లో తన నవల ముందుమాటలో, అమెరికా ఖండంలో అద్భుతం వాస్తవంలోనే ఉందని ఇంకో రకంగా చెప్పాడు. 1955లో ఆంహెల్ ఫ్లోరెస్ అచ్చువేసిన వ్యాసం ఈ ముద్రను లాటిన్ అమెరికన్ కథకు బాగా విస్తరించి అంటించింది. ఫ్లోరెస్‌తో విభేదిస్తూ 1967లో లూయిస్ లెయాల్ జవాబు రాశాడు. ఊహాలోకాలు కట్టడం వేరు, ఇది వేరు అన్నాడాయన. ఈ తరహా రచయిత వాస్తవం ఎదుటే నిలబడి అందులోని మర్మాన్ని పట్టుకోవాలని చూస్తాడు, దానికి సంజాయిషీ ఇవ్వడు అన్నది లెయాల్ వాదం. మెక్సికోలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన ఈ లెయాలే చికానో సాహిత్య విమర్శకు పెద్దదిక్కుగా నిలిచినవాడు. 2010లో నూట రెండేళ్ళ వయసులో పోయేదాకా ఆ సాహిత్యం గురించే పనిచేశాడు. ముద్రకు ఇంత జాగ్రత్తగా హద్దులు గీసిన మనిషి సొంత ఇంట్లోనే ఉండగా, చికానా కథలకు దాన్ని అంటించినవాళ్ళు ఆ హద్దుల్ని పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఎందుకు పట్టించుకోలేదో చెప్పడానికి మార్కెట్ సంగతి కొంత మాట్లాడుకోవాలి. ఎల్లెన్ మెక్‌క్రాకెన్ 1999లో వెలువరించిన ‘కొత్త లాటినా కథనం’ అనే పుస్తకంలో, ప్రధాన స్రవంతి ప్రచురణకర్తలు ఈ రచయిత్రుల జాతి భిన్నత్వాన్ని అమ్ముడుపోయే సరుకుగా ఎలా మలిచారో వివరంగా చూపింది. ‘మాంత్రిక వాస్తవికత’ అని అట్ట మీద వేస్తే పాఠకుడికి ముందే తెలిసిన రుచి అందుతుంది. విరామొంతెస్ విషయంలో ఇందులో కాలక్రమపు పొరపాటు కూడా జరిగే ప్రమాదం ఉంది. ఆమె 1989లో సన్‌డాన్స్ సంస్థలో మార్క్వెజ్ నడిపిన కథా శిక్షణ తరగతికి వెళ్ళింది. ఆ వివరం ఆమె పరిచయాల్లో తప్పకుండా కనబడుతుంది. దాన్ని చూసి చిమ్మెటల్ని మార్క్వెజ్ పసుపు సీతాకోకచిలుకల వంశంలో చేర్చడం సులువు. కానీ చిమ్మెటల పుస్తకం వచ్చింది అంతకు నాలుగేళ్ళ ముందు. దానికీ ముందు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్‌లో రచనాశిక్షణలో ఉండగా, చికానోల గురించి కాదు మనుషుల గురించి రాయమని తనకు అక్కడ సలహా ఇచ్చారని విరామొంతెస్ తర్వాత చెప్పుకుంది. 1981లో ఆ చదువు మధ్యలో వదిలి, చాలా ఏళ్ళకు తిరిగి వెళ్ళి పూర్తి చేసింది. చికానో జీవితం మనుషుల జీవితం కిందికి రాదన్న చోటే ఈ కథలు పెరిగాయి.

ఇక కథలోకి వెళ్దాం. ‘చిమ్మెటలు’లో చివరి పుట ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. నాకు మొదటి పుటలు అంతకన్నా ముఖ్యం. అమ్మాయి చేతులు పెద్దవి. అక్కల్లాగా కుట్లూ అల్లికలూ రావు, దారం చిక్కుపడుతుంది, సూది వేలికి గుచ్చుకుంటుంది. ఎద్దు చేతులని అక్కలు వెక్కిరిస్తారు. అలా అన్నవాళ్ళను కొట్టడానికి ఈ పిల్ల మేజోడులో మొనదేలిన ఇటుక ముక్క దాచుకు తిరుగుతుంది. ఒకసారి అక్క తెరెసా కనుబొమ పైన కొట్టి రక్తం కళ్ళజూసింది కూడా. ఈ పిల్లకు స్కార్లెట్ జ్వరం వచ్చినప్పుడు అమ్మమ్మ కణతల మీద బంగాళాదుంప ముక్కలు పెట్టి తగ్గించింది. ఆ వైద్యాన్నే ఈమె అనుమానించింది. ‘బతికే ఉన్నావుగా’ అన్నట్టు అమ్మమ్మ గద్దించగానే సిగ్గుతో తలదించుకుంది. ఆ క్షణంలోనే ఆమె చేతులు పెరగడం మొదలుపెట్టి బరువుగా వేలాడాయి. అమ్మమ్మ ఎండిన చిమ్మెట రెక్కలూ విక్సూ కలిపి లేపనం చేసి, రుద్ది రుద్ది వాటిని మళ్ళీ మామూలు చేసింది.

కథలో మొదటి అద్భుతం ఇదే, చివరిది కాదు. ఇందులో విక్స్ ఉంది. మనిళ్ళలోనూ జలుబుకు రాసే అదే విక్స్. దాని వాసన తెలిసిన పాఠకులకు ఇది ఎక్కడో మాంత్రిక లోకంలో జరిగిందని అనిపించదు, వంటింట్లో జరిగిందనే తెలుస్తుంది. చిమ్మెట రెక్కలు కూడా ఇక్కడే కథలోకి వస్తాయి, మందు దినుసుగా. లెయాల్ చెప్పిన మర్మం ఇలాంటి చోటే ఉంటుంది. అయితే దీన్ని లెయాల్ సిద్ధాంతానికి ఉదాహరణగా వాడుకుని వదిలేస్తే కూడా చాలదు. ఎందుకంటే కథంతా చేతుల చుట్టూ అల్లింది. నాన్న చేతులు బల్లను గుద్దుతాయి, పంచదార గిన్నె అదురుతుంది, కాఫీ ఒలుకుతుంది. ఆదివారం ప్రార్థనకు వెళ్ళకపోతే ఇల్లు దాటనివ్వనని అరుపు. అమ్మమ్మ దగ్గర అమ్మాయి చేతులు కాఫీ డబ్బాల అడుగున మేకుతో చిల్లులు కొట్టి, మన్ను నింపి మొక్కలు నాటుతాయి. నాన్న కూడా నమ్మకాన్నే అడుగుతున్నాడు, అమ్మమ్మ కూడా ఒకప్పుడు నమ్మకాన్నే అడిగింది. అనుమానించినందుకు ఒకచోట తిట్లూ దెబ్బలూ, ఇంకోచోట లేపనం. అమ్మాయి చర్చిలోకి వెళ్ళి చూసి, అక్కడి చల్లదనం పొసగక, తిరిగి అమ్మమ్మ వంటింటికే వచ్చి రోట్లో మిరపకాయలు నూరుతుంది. ఈ ఎంపికను రచయిత్రి ఎక్కడా వ్యాఖ్యానించదు.

అందువల్లే చివరి స్నానం నాకు అద్భుతంగా కన్నా పనిగా ముందు కనబడుతుంది. కడుపులో పుండుతో, కాన్సర్‌తో తీసుకున్న మనిషి చచ్చిపోయింది. అమ్మాయి తువ్వాళ్ళూ నీళ్ళూ తెచ్చి, పక్కబట్టలు తీసేసి, ఒళ్ళు తుడుస్తుంది. అమ్మమ్మ వీపు మీద చేతి గీతలంత సన్నటి మచ్చలు అప్పుడు చూస్తుంది. తనకు అమ్మమ్మ గురించి తెలిసింది ఎంత తక్కువో ఆ మచ్చల దగ్గర అర్థమవుతుంది. ఆ మచ్చలు ఎలా వచ్చాయో కథ చెప్పదు. తర్వాత ఆమెను ఎత్తుకుని తొట్టెలోకి తనూ దిగుతుంది. కుట్టుపనికి పనికిరాని పెద్ద చేతులు ఇప్పుడొక శవాన్ని మోయడానికి సరిపోయాయి. ఆత్మలో కాపురముండి ప్రాణాన్ని మెల్లగా కొరుక్కుతినే చిమ్మెటల గురించి అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది. అవి ఇప్పుడు బయటికొచ్చి, ఒక్కగానొక్క మసకబల్బు చుట్టూ తిరుగుతాయి. మందుగా వచ్చిన పురుగే రోగంగానూ తేలింది. ఈ రెండు ముఖాల్నీ కలిపి చదివిన విమర్శ నాకు ఎక్కువ కనబడలేదు.

ఈ కథను మొదట నిలబెట్టింది స్త్రీవాద విమర్శే, అందులో సందేహం లేదు. పుస్తకానికి ముందుమాట రాసిన ఇవాన్ యార్బ్రో-బెహరానో, కుటుంబంలో చర్చిలో పురుషాధిపత్యం గీసిన గీతలతో పెనుగులాడే స్త్రీల కథలుగా వీటిని పాఠకుల ముందు పెట్టింది. సోనియా సాల్దీవార్-హల్ మొదట 1991లో వచ్చిన ‘సరిహద్దు ప్రాంతాల్లో విమర్శ’ అనే సంకలనంలోనూ, తర్వాత 2000లో సొంత పుస్తకంలోనూ, విరామొంతెస్ కథల్ని ఇంటి రాజకీయం నుంచి ఖండాంతర రాజకీయం దాకా సాగదీసి చదివింది. ముఖ్యంగా ‘కారిబూ కెఫే’ మీద. మధ్య అమెరికాలో కొడుకును పోగొట్టుకుని, లాస్ ఏంజెలెస్‌లో పరాయి పిల్లవాణ్ణి తన కొడుకనుకునే తల్లి కథ అది. బిడ్డల కోసం నీటి ఒడ్డున ఏడుస్తూ తిరిగే యొరోనా అనే మెక్సికన్ జానపద స్త్రీ నీడ ఆ కథంతా పరుచుకుని ఉంటుంది. ఆ నీడను అమెరికా విదేశాంగ విధానంతో ముడిపెట్టి చదవడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం సాల్దీవార్-హల్‌కు ఉంది. విరామొంతెస్ కూడా విమర్శకు దూరంగా కూర్చోలేదు. మరియా ఎర్రెరా-సోబెక్‌తో కలిసి 1988లో ‘చికానా సృజన, విమర్శ’ అనే సంకలనానికి సంపాదకత్వం వహించి, కథల్నీ విమర్శనూ ఒకే అట్ట మధ్య పెట్టింది.

ఈ ధార నుంచి వచ్చిన పాఠాల్లో చిమ్మెటలు దాదాపు ఎప్పుడూ విముక్తికి గుర్తే. అమ్మమ్మ ఆత్మ విడుదలైంది, అమ్మాయి కొత్తగా పుట్టింది, నీళ్ళు గర్భజలం. ఇది తప్పని అనను. పాఠంలో ఆధారం ఉంది. కాని ప్రతీకగా మార్చిన మరుక్షణం లేపనం, విక్స్, మచ్చలు, తడిసిన తువ్వాళ్ళు కనబడకుండా పోతాయి. మాంత్రిక వాస్తవికత అన్నవాళ్ళు చిమ్మెటల్ని అందంగా చూశారు. స్త్రీవాదులు చిమ్మెటల్ని అర్థవంతంగా చూశారు. ఆ చిమ్మెటల్ని పాఠకుడి దగ్గరికి తెచ్చిన సేవను, రోగి ఒంటిని కడిగే రోజువారీ చాకిరీని, రెండు వర్గాలూ దాటేసి వెళ్ళాయి.

సిస్నెరోస్ దగ్గరికి వస్తే లెక్క వేరు. సమీక్షలు ఆమె వచనంలోని కవిత్వాన్ని మెచ్చుకున్నాయి. పరిశోధకులు ఎక్కువగా సంపుటి పేరున్న కథ దగ్గరే ఆగారు. జాక్వెలిన్ డాయిల్ 1996 వ్యాసం ఆ కథలోని వాగునూ యొరోనానూ కలిపి చదివింది. జీన్ వ్యాట్ 1995లో, మెక్సికోలో ద్రోహిగా ముద్రపడ్డ మలించె అనే స్త్రీ పురాణంతో కలిపి చదివింది. సెగీన్ ఊళ్ళో మొగుడి దెబ్బలు తిన్న క్లెయోఫిలాస్ చివరికి ఫెలీసె ట్రక్కులో వాగు దాటుతుండగా, ఆ ఫెలీసె గొంతెత్తి కేకేసే చోట, ఏడ్చే దయ్యం కేకలేసే ఆడమనిషిగా మారుతుంది. ఇది పురాణాన్ని తిరగరాయడం. కథ జరిగే లోకంలో వింతేమీ లేదు.

‘జపాతా కళ్ళు’లో వింత ఉంది, పూర్తిగా ఉంది. అయినా ఈ కథ మీద వచ్చిన చర్చ తక్కువ. బార్బరా బ్రిన్సన్ కురియెల్ 2001లో రాసిన వ్యాసం ఆ లోటు తీర్చింది. వ్యాసం పేరులోనే జనరల్ ప్యాంటు ఉంది. నాయకుణ్ణి అతని దుస్తుల నుంచి, పక్కలోని ఒంటి నుంచి చూసే ఆడదాని కంటితో మెక్సికో విప్లవ చరిత్రను సిస్నెరోస్ మళ్ళీ చూసిందన్నది కురియెల్ పట్టుకున్న సూత్రం. నేను ఒప్పుకుంటాను, ఇంకో అడుగు వేయాలనుకుంటాను. ఇనెస్ గుడ్లగూబై ఎగిరి వెళ్ళేది తప్పించుకుపోవడానికి కాదు. ఇంకో ఇంటి కిటికీ బయట చెట్టు కొమ్మ మీద వాలి, అతను వేరే స్త్రీ పక్కలో ఉండడం చూడడానికి. ఆమెకు దొరికిన శక్తి చూపు ఒక్కటే. అది ఆమెకు నొప్పి తప్ప ఇంకేమీ ఇవ్వదు. 1919 ఏప్రిల్ 10న చినామెకాలో జపాతాను నమ్మించి కాల్చేస్తారని ఆమెకు ముందే తెలుసు. కొడుకు నికొలాస్ పెద్దయ్యాక తండ్రి ఆశయానికి ఎదురు నడుస్తాడనీ తెలుసు. ఒక్కటీ ఆపలేదు. చరిత్ర పుస్తకాలు జపాతాకు ఇచ్చిన దార్శనికతను సిస్నెరోస్ అతని నుంచి తీసి ఆమె కళ్ళలో పెట్టింది. అతను ఆ రాత్రంతా కళ్ళు మూసుకునే ఉంటాడు. కథ పేరు అతని కళ్ళది, చూపు ఈమెది.

ఇక్కడ రుడాల్ఫో అనాయా గుర్తుకు రాక తప్పదు. 1972లో వచ్చిన ఆయన నవల ‘నన్ను దీవించు, ఉల్తిమా’లో నాటువైద్యురాలు ఉల్తిమాకూ ఒక గుడ్లగూబ ఉంది. ఆ పక్షి చస్తే ఆమె కూడా చస్తుంది. ఆ గుడ్లగూబ ఆంటోనియో అనే కుర్రవాడి ఎదుగుదలకు కాపలా. చికానో సాహిత్యం దాన్ని గుండెలకు హత్తుకుంది. ఇనెస్ పక్షి ఎవరి ఎదుగుదలకూ కాపలా కాయదు. ఆమె తల్లిని మంత్రగత్తె అని ఊరివాళ్ళే చంపి, తల మీద మగవాడి టోపీ, నోట్లో చుట్ట పెట్టి పొలంలో వదిలేశారు. వింత శక్తి ఉన్న ఆడదానికి ఊరు ఏం చేస్తుందో సిస్నెరోస్ దాచలేదు. అనాయా నవలలోని మంత్రశక్తికి లేని బరువు ఇక్కడ దీనికుంది.

ఆనా కాస్తియో నవల ‘దేవుడికి ఎంతో దూరం’ 1993లో వచ్చాక ఈ చర్చ ముదిరింది. తెరెసా దెల్గాదియో 1998లో అందులోని కలగలుపు ఆధ్యాత్మికతను ప్రతిఘటన రూపంగా సమర్థించింది. మార్తా కమినెరో-సాంతాంహెలో 2005లో అడ్డుతగిలి, ఆ నవలలో అద్భుతం మనుషుల్ని చేతులు ముడుచుకు కూర్చోబెడుతుందనీ, సమష్టిగా చేసే పనులు అద్భుతాలు లేని చోటే జరుగుతాయనీ వాదించింది. ఈ రెండు వాదాల్లో నేను రెండో దానివైపే ఎక్కువ మొగ్గుతాను, ఎందుకంటే అది అడగవలసిన ప్రశ్నను అడిగింది: అద్భుతం వల్ల ఎవరు ఏం చేశారు? కాని ఆ ప్రశ్నకు మన రెండు కథలూ వేర్వేరు జవాబులు ఇస్తాయి. ఇనెస్ విషయంలో కమినెరో-సాంతాంహెలో భయం నిజమే. ఆమె చూస్తుంది, సహిస్తుంది. ‘చిమ్మెటలు’లో మాత్రం పని ముందు, అద్భుతం తర్వాత. అమ్మాయి చేయవలసిందంతా చేశాకే ఒక్క చిమ్మెటైనా ఎగిరింది. అద్భుతం ఆమె చేతి పనిని తగ్గించలేదు. ఈ కారణంగానే రెంటిలో విరామొంతెస్ కథే గట్టిదని నా తీర్పు. సిస్నెరోస్ వచనం ఎక్కువ మిరుమిట్లు గొలుపుతుంది, చరిత్ర మీద దాని పట్టు పెద్దది. అయినా మళ్ళీ మళ్ళీ చదివినప్పుడు ‘చిమ్మెటలు’లో ఇంకా తెరవని గదులు దొరుకుతున్నాయి.

వాటిలో ఒకటి అమ్మది. ఇనెస్‌కు చూపు తల్లి వంశం నుంచి వచ్చింది. పిన్ని తియా చూచా నేర్పింది, ఆ పిన్నికి ఆమె తల్లి నేర్పింది. గొలుసు ఎక్కడా తెగలేదు. ‘చిమ్మెటలు’లో అమ్మమ్మ విద్య కూతుర్ని దాటి మనవరాలికి వచ్చింది. మధ్యలో ఉన్న అమ్మ, పిల్లల్ని సరిగ్గా పెంచలేదని మొగుడి చేత తిట్లు తింటుంది, తన తల్లి పోతుంటే వంటింట్లో కూర్చుని ఏడుస్తుంది. విమర్శలో ఆమెకు దక్కినవి ఒకటి రెండు వాక్యాలే, అవీ లొంగిపోయిన స్త్రీకి ఉదాహరణగా. కాని చివర్లో తొట్టెలో కూర్చుని అమ్మాయి కోరుకునేది స్వేచ్ఛను కాదు, అమ్మను. విముక్తి అని చదివినా, మాంత్రికత అని చదివినా ఆ పిలుపుకు లెక్క తేలదు. నాన్న కోపాన్ని తన మీద వేసుకుంటూ వచ్చిన ఈ అమ్మకు ఒకప్పుడు ఇదే ముసలామె లేపనం రాయలేదా, రాస్తే ఏమైంది, ఆమె చేతులు ఎలా ఉంటాయి? కథ ఆ చేతుల్ని మనకు చూపించలేదు. విరామొంతెస్ మీద వచ్చే తర్వాతి మంచి వ్యాసం ఆ వంటింట్లోంచి మొదలవ్వాలి.